ముందు తేదీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకురాలు రాసిన నాలుగు మాటలు చదివినప్పటి నుంచి నా మనసు ఊరుకోవడం లేదు. ప్రకృతిని గమనిస్తూ రోజూ కొంచెం రాసుకోవాలని ఆవిడకు చాలా కాలంగా కోరికట, మంచి నోటుబుక్కులు కూడా కొనిపెట్టుకున్నారట, కానీ స్ఫూర్తి కలగడం లేదట. ఉండేది మూడో అంతస్తులో, కిటికీ తీస్తే ఎదురింటి గోడ, అడవులకూ కొండలకూ వెళ్లే తీరిక లేదు, ఇక రాయడానికి ఏముంటుంది అని అడిగారు. నాలుగేళ్ల కిందట ఎవరైనా నన్ను అడిగి ఉంటే నేనూ అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పేదాన్ని. అందుకే ఆవిడకు మీ పత్రిక ద్వారానే జవాబు రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, చోటు చాలక కత్తిరించాల్సి వస్తే పేర్లూ సంవత్సరాలూ కత్తిరించండి కానీ కందిరీగ సంగతి మాత్రం ఉంచండి.

మీరు స్ఫూర్తి కోసం ఎదురు చూస్తున్నారు. నా అనుభవంలో అది ముందు రాదండీ. ముందు తేదీ వేసి ఒక్క వాక్యం రాయాలి, మర్నాడు ఇంకొకటి రాయాలి, అలా పది పన్నెండు రోజులు ఏ ఉత్సాహమూ లేకుండానే రాసుకుంటూ పోతే, ఏదో ఒక పొద్దున కిటికీ దగ్గర నిలబడి "నిన్న ఇది ఇక్కడ లేదే!" అని మీరే అనుకుంటారు. స్ఫూర్తి అంటే నాకు తెలిసింది ఆ "లేదే" అన్న మాటే. నిన్న ఏముందో కాగితం మీద లేకపోతే ఈ రోజు ఏం మారిందో మనకెలా తెలుస్తుంది? అంతా ఎప్పుడూ ఒకలాగే ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకే విసుగు పుడుతుంది, అందుకే రాయడానికి ఏమీ లేదనిపిస్తుంది.

నా సంగతి చెప్తాను. నడుము పట్టేసి డాక్టరు ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు. మంచం కిటికీ పక్కన. మొదటి నాలుగు రోజులు ఫోన్ చూసీ చూసీ కళ్లు మండాయి, తలనొప్పి, పైగా ఉద్యోగం గురించి టెన్షన్. అయిదో రోజు పొద్దున కిటికీ చట్రం పై మూలలో గోరంత మట్టి కనపడింది. సిమెంటు చుక్క అనుకున్నాను. పది నిమిషాల తర్వాత చూస్తే అది పెరిగింది. చేతికి దొరికిన మందుల చీటీ వెనక రాశాను: "ఉదయం 9.40. కిటికీ పై మూల. మట్టి. పెరుగుతోంది." నా మొదటి నోటు ఇదే, ఆ చీటీ ఇప్పటికీ మొదటి పుస్తకం అట్టలో ఉంది.

కట్టేది ఒక కందిరీగ. నడుము దారంలా సన్నగా, వెనక భాగం బొట్టులా ఉబ్బి ఉంది. నోటితో చిన్న మట్టి ఉండ పట్టుకొచ్చేది, గోడకు ఆనించి, మీసాలతో అంచును తడుముకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ ఆ ఉండను పట్టీలా పరిచేది. కొత్తగా వేసిన పట్టీ తడికి నల్లగా ఉండేది, పాతవి ఆరి తెల్లబడేవి, అందుకే ఎన్ని పట్టీలు వేసిందో లెక్కపెట్టడం కుదిరింది. మధ్యాహ్నానికి కుండ తయారైంది, నిజంగా కుండే, మూతి బయటికి తిరిగి, మెడ కూడా ఉంది. మూతిలోకి తన వెనక భాగం దూర్చి కాసేపు కదలకుండా ఉంది. తర్వాత వెళ్లిపోయింది, నలభై నిమిషాలు రాలేదు, వచ్చినప్పుడు కాళ్ల మధ్య ఒక ఆకుపచ్చ గొంగళిపురుగు వేలాడుతోంది. తన పొడవుకు ఇంచుమించు సమానమైన ఆ పురుగును తల వైపు నుంచి కుండలోకి తోసింది. అలా నాలుగు. ఆ తర్వాత మూతి మూసేసి, మెడను కూడా చదును చేసి, మర్నాడు దాని పక్కనే ఇంకో కుండ మొదలుపెట్టింది.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి, ఆవిడకు పనికొస్తుంది. చీటీ మీద "పురుగును చంపి తెచ్చింది" అని రాశాను. మూడో పురుగును లోపలికి తోస్తున్నప్పుడు దాని వెనక కాలు ఒకటి కదిలింది. చచ్చినదాని కాలు ఎందుకు కదులుతుంది? "చంపి" అన్నది నేను చూసింది కాదు, ఊహించింది. ఆ ఒక్క మాట కొట్టేసి "కదలని పురుగును తెచ్చింది, ఒక కాలు కొంచెం కదిలింది" అని రాశాను. అప్పటి నుంచి ఈ రోజు వరకు నా పుస్తకంలో పేజీకి మధ్య గీత ఉంటుంది, ఎడమ పక్క చూసింది, కుడి పక్క అనుకున్నది. నాకు తెలిసిన పద్ధతుల్లో ఇంతకంటే విలువైనది ఇంకోటి లేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను, ఈ కందిరీగలు కుట్టి పురుగును చంపవు, కదలకుండా చేస్తాయి, అప్పుడే కుండలో పెట్టిన గుడ్డులోంచి వచ్చే పిల్లకు తిండి కుళ్లకుండా ఉంటుంది.

మన పెద్దవాళ్లు చెప్పే భ్రమర కీటక న్యాయం గుర్తుందా? భ్రమరం ఒక కీటకాన్ని తెచ్చి గూట్లో పెట్టి, చుట్టూ ఝుంకారం చేస్తూ ఉంటే, ఆ కీటకం దాన్నే తలుచుకుంటూ తలుచుకుంటూ చివరికి భ్రమరంగా మారిపోతుందని. చిన్నప్పుడు విన్నప్పుడు అది ఎవరో అల్లిన కథ అనుకున్నాను. కుండలు కట్టిన 27వ రోజు పొద్దున నా కళ్ల ముందు ఒక కుండ పక్కన కన్నం పడి, మీసాలు బయటికి వచ్చి, తర్వాత తల వచ్చి, కొత్త కందిరీగ బయటికి వచ్చి రెక్కలు తుడుచుకుంటుంటే ఒళ్లు జలదరించింది. ఆ మాట అన్నవాళ్లు చూసే అన్నారు! లోపలికి పురుగు వెళ్లడం చూశారు, బయటికి కందిరీగ రావడం చూశారు, ఎడమ పక్క అంతా సరిగ్గానే ఉంది, కుడి పక్కే పొరపాటు. మధ్యలో ఏం జరిగిందో చూడాలంటే కుండ తెరవాలి. ఫ్రాన్స్‌లో జ్యాఁ ఆన్రీ ఫాబ్ర్ అనే ఆయన 19వ శతాబ్దంలో ఆ పనే చేశాడు, ఇలాంటి కుండకు పక్కన చిన్న కిటికీ కోసి చూస్తే, గుడ్డు కుండ పైకప్పు నుంచి సన్నని దారంతో వేలాడుతూ కనపడింది. కింద మెసిలే పురుగుల బరువు గుడ్డు మీద పడకుండా ఆ ఏర్పాటు అని ఆయన అర్థం చేసుకున్నాడు. ఆయన దూరదేశాలు తిరిగి సాధించింది కాదిది. ఎవరికీ పనికిరాని రాళ్ల నేల కొంత కొనుక్కుని, అక్కడే ముప్ఫై ఏళ్లకు పైగా కూర్చుని పురుగుల్ని చూశాడు.

పెరటి చెట్టు మందుకు రాదని మనకో సామెత ఉంది కదా. రోజూ కనపడేదాని మీద మనకు గౌరవం ఉండదు. పులిని చూస్తే రాస్తాం, పిచ్చుకను చూస్తే రాయం. కానీ ఎంతో పెద్దవాళ్లు మొదలుపెట్టింది పిచ్చుకతోనే. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ 1896లో పుట్టారు, పదేళ్ల వయసులో ఆయన రాసుకున్న ఒక నోటు ఉంది, గుర్రాలశాల గోడ కన్నంలో ఆడపిచ్చుక గుడ్ల మీద ఉంటే బయట మేకు మీద మగపిచ్చుక కాపలా కూర్చుంటుంది, ఈ పిల్లాడు తుపాకీతో ఆ మగపిచ్చుకను కొట్టాడు, కాసేపటికే ఇంకో మగది వచ్చి అదే మేకు మీద కూర్చుంది, అలా ఏడు రోజుల్లో ఎనిమిదింటిని కొట్టానని రాసుకున్నాడు. చదివితే ఇప్పుడు మనకు బాధగా ఉంటుంది, నాకూ ఉంది, అప్పటి కాలం వేరు. కానీ ఆ నోటు చూడండి, ఎక్కడ, ఏది, ఎన్ని, ఎన్ని రోజుల్లో, అన్నీ ఉన్నాయి. వ్యాఖ్యానం దాదాపు లేదు. పదేళ్ల పిల్లాడి నోటు అరవై ఏళ్ల తర్వాత కూడా పక్షుల గురించి తెలిసినవాళ్లకు పనికొచ్చిందంటే అందుకే.

డార్విన్ సంగతి ఇంకా నచ్చుతుంది నాకు. ప్రపంచమంతా పేరు వచ్చాక, వయసు మళ్లాక ఆయన కూర్చుని చూసింది వానపాములను. వాటి గురించి మొదటి వ్యాసం 1837లో చదివాడు, పుస్తకం 1881లో వచ్చింది, మధ్యలో 44 ఏళ్లు! కుండీల్లో వానపాములను ఇంట్లో పెట్టుకుని, వాటికి వినపడుతుందా అని పక్కన వాయిద్యాలు వాయింపించి చూశాడు, కదల్లేదు, అదే కుండీని పియానో మీద పెట్టి ఒక మీట నొక్కితే అదురుకు చటుక్కున కన్నంలోకి వెళ్లిపోయాయి. వానపాములు ఎండుటాకులను కన్నంలోకి లాక్కుంటాయి కదా, ఏ కొస నుంచి లాగుతాయో చూద్దామని 227 ఆకులను కన్నాల్లోంచి బయటికి లాగి లెక్కపెట్టాడు. 181 కొన వైపు నుంచి, 20 తొడిమ వైపు నుంచి, 26 మధ్య నుంచి. వాటికి ఏ కొస తేలికగా దూరుతుందో తెలుస్తున్నట్టుందని అప్పుడు అన్నాడు, లెక్క తర్వాతే అన్నాడు. ఇందులో మనం చేయలేనిది ఏముంది చెప్పండి, ఆకులు లెక్కపెట్టడమే కదా.

సరే, మీ ఎదురింటి గోడ దగ్గరికి వస్తాను. గోడ అంటే ఏమీ లేనట్టు రాశారు. నాకైతే గోడ మీద అసూయగా ఉంది, ఎందుకంటే గోడ కదలదు, మీ కిటికీ కదలదు, రోజూ ఒకే చోటు నుంచి ఒకే చోటును చూడగలగడం ఈ పనిలో పెద్ద అదృష్టం. వాన పడ్డాక ఆ గోడ ఏ భాగం ముందు ఆరుతుంది, ఏ భాగం చివర ఆరుతుంది? నాచు ఎక్కడ మొదలవుతుంది? నాచు ఎండి నల్లబడ్డాక మళ్లీ మొదటి వానకు ఎన్ని గంటల్లో పచ్చబడుతుంది? (ఇది నేను చూశాను, నమ్మలేనంత త్వరగా.) దీపం వెలిగాక బల్లి ఎన్ని గంటలకు వస్తుంది, వచ్చేది ఒకటేనా, వేర్వేరా? తోక తెగి మళ్లీ పెరిగిన బల్లి తోక రంగు తేడాగా ఉంటుంది, కాబట్టి ఒకదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. మా గోడ మీది మొండితోక బల్లి రెండో దీపం దాటి ఇవతలికి రావడం ఏడాదిన్నరలో మూడుసార్లే చూశాను. ఆ దీపం అవతల దానిదీ, ఇవతల ఇంకోదానిదీ అయి ఉంటుందని కుడి పక్క రాసుకున్నాను.

ఏ ప్రాణీ లేకపోయినా నీడ ఉంటుంది. ప్రతి ఆదివారం ఉదయం సరిగ్గా 8 గంటలకు కిటికీ ఊచ నీడ గదిలో గోడ మీద ఎక్కడ పడిందో పెన్సిల్‌తో గీత పెట్టి పక్కన తేదీ వేశాను. మొదటి నెల్లో గీతలు ఎడంగా పడ్డాయి, జూన్‌లో దగ్గర దగ్గరగా వచ్చాయి, 21వ తేదీకి అటూ ఇటూ రెండు మూడు వారాలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, తర్వాత వెనక్కి తిరిగాయి. డిసెంబర్ చివర ఇటు చివర మళ్లీ అదే. భూమి వంగి తిరుగుతుందని, అందుకే రుతువులు వస్తాయని బడిలో పరీక్షకు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, కానీ అది నా ఇంటి గోడ మీద జరుగుతోందని నలభై ఏళ్లు దాటాక తెలిసింది. ఆ గీతలు చెరిగిపోతాయని ఇంటికి రంగులు వేసేటప్పుడు ఆ ఒక్క గోడ వదిలేయమన్నాను.

పేర్లు తెలియవని చాలామంది ఆగిపోతారు. ఆగొద్దు. మా కిటికీకి ఎడమ పక్కన కనిపించే చెట్టు పేరు నాకు ఏడు నెలలు తెలియదు, "కిటికీ చెట్టు" అని రాసుకున్నాను. ఎప్పుడు ఆకు రాల్చింది, ఎన్ని రోజులు మోడుగా ఉంది, చిగురు మొదట ఏ కొమ్మకు వచ్చింది, కొత్త ఆకు ఎలా నూనె రాసినట్టు మెరిసింది, పూలు కిందపడితే నేల లేత ఊదారంగులో ఎలా మారింది, అన్నీ రాశాక ఎవరో చూసి ఇది కానుగ అన్నారు. అప్పటికి ఆ చెట్టు నాకు బాగా తెలుసు, పేరు ఒక్కటే తెలియదు. ముందే పేరు తెలిసి ఉంటే "కానుగ చెట్టు" అని రాసి పేజీ తిప్పేసేదాన్నేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

బొమ్మ వేయడం రానివాళ్లు కూడా వేయాలి. బొమ్మ బాగుండాలని కాదు, వేస్తే తప్ప మనం చూడలేదని తెలియదు. కాకిని రోజూ చూస్తాం, ముక్కు మొదట్లో ఈకలు ఉంటాయా, ఉంటే ఎంత వరకు? బొమ్మ వేయబోతే చేయి ఆగింది, మళ్లీ కిటికీలోకి చూడాల్సి వచ్చింది.

కొన్ని చిన్న విషయాలు, నేను నష్టపోయి నేర్చుకున్నవి. మొదటి మూడు నెలలు తేదీ వేశాను కానీ సంవత్సరం వేయలేదు, ఎవరు మర్చిపోతారులే అనుకున్నాను, ఇప్పుడు ఆ పేజీలు కొన్ని ఏ ఏడాదివో వరుసను బట్టి ఊహించుకోవాల్సి వస్తోంది. "చాలా గోరింకలు" అని రాసిన పేజీ దేనికీ పనికిరాలేదు, "11 గోరింకలు" అని రాసింది మాత్రం రెండేళ్ల తర్వాత పక్కన పెట్టి చూడగలిగాను. అన్నిటికంటే ముఖ్యం, ఏమీ కనపడని రోజు కూడా రాయాలి. "సాయంత్రం 5.30 నుంచి 5.45. ఒక్క పిట్ట లేదు." ఇది నోటే. ఆ పేజీ ఖాళీగా వదిలేస్తే, ఆ రోజు పిట్టలు రాలేదా, నేను చూడలేదా, తర్వాత ఎవరు చెప్పగలరు?

చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వాన వస్తుందంటారు కదా, నాకు దాన్ని నమ్మాలనీ ఉంది, చూడాలనీ ఉంది. రెండేళ్లు చూశాను, మోసుకుపోవడం కనిపించిన ప్రతిసారీ రాసి మర్నాటి వరకు వాన సంగతి పక్కన రాశాను. కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు, ఏదీ గట్టిగా చెప్పేంత లెక్క నా దగ్గర ఇంకా లేదు. కానీ ఈ చూడటంలో ఇంకో సంగతి బయటపడింది. మనం చీమగుడ్లు అనేవి చాలాసార్లు గుడ్లు కావు. గుడ్డు కంటికి ఆననంత చిన్నది. చీమ అంత పొడవున తెల్లగా కనిపించేవి దాని పిల్లలు, సీతాకోకచిలుకకు గొంగళి దశ, గూటి దశ ఉన్నట్టే చీమకూ ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒకదాంట్లో ముడుచుకున్న కాళ్లు కనపడ్డాయి.

ఇదంతా సొంత సంతోషానికేనా, దీనివల్ల ఎవరికైనా ఉపయోగమా అని అడిగేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. సంతోషానికే అయినా నాకు చాలు. కానీ ఉపయోగం ఉంది, అది రాసినవాళ్లకు తెలియకుండా జరుగుతుంది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో తన ఎస్టేటులో వసంతం గుర్తులు రాసుకోవడం మొదలుపెట్టాడు, మొదటి ఆకు ఎప్పుడు, కప్పలు ఎప్పుడు బెకబెకలాడాయి, వానకోయిల ఎప్పుడు వచ్చింది అని. అరవై ఏళ్లు ఆయన రాశాడు, తర్వాత ఇంట్లోవాళ్లు తరతరాలుగా 1958 వరకు రాశారు. జపాన్‌లో క్యోటో నగరంలో చెర్రీ పూలు విరగబూసిన రోజులు 9వ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి, ఎవరో శాస్త్రం కోసం రాసి కాదు, రాజాస్థానంలో వాళ్లూ సన్యాసులూ తమ దినచర్యల్లో ఫలానా రోజు పూలు చూడటానికి వెళ్లామని రాసుకున్నందుకు. ఆ వరుసంతా పేర్చి చూస్తే, 2021లో మార్చి 26న పూసినంత తొందరగా అంతకుముందు 1200 ఏళ్లలో ఎన్నడూ పూయలేదని తేలింది. అమెరికాలో కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో థోరో అనే రచయిత 1850లలో ఏ మొక్క ఏ రోజు పూసిందో తిరిగి తిరిగి రాసుకున్నాడు, నూటయాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు అదే ఊళ్లో అవే మొక్కలు చూస్తే సగటున ఒక వారం ముందే పూస్తున్నాయి. వాతావరణం వేడెక్కుతుందని థోరోకు తెలుసా? తెలియదు. తేదీ మాత్రం వేశాడు.

జర్మనీలో క్రెఫెల్డ్ అనే చోట పురుగుల మీద ఇష్టం ఉన్నవాళ్లు, ఎక్కువమంది ఆ ఇష్టంతోనే చేరినవాళ్లు, ఒక సంఘంగా ఏర్పడి ఒకే రకం వలలు పెట్టి పడిన పురుగులను తూకం వేసి రాసిపెట్టారు. 63 చోట్ల, 27 ఏళ్ల పాటు. 2017లో ఆ లెక్కలు ప్రచురిస్తే, అక్కడ ఎగిరే పురుగుల మొత్తం బరువు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిందని ప్రపంచానికి తెలిసింది. పురుగులు తగ్గాయని అంతకుముందు అందరూ అంటూనే ఉన్నారు, పూర్వం బండి అద్దానికి ఎన్ని కొట్టుకునేవో, ఇప్పుడు అన్ని లేవని. అనడం వేరు, తూకం చీటీ వేరు.

ఫోన్ ఉంది కదా, ఫొటో తీస్తే సరిపోదా అంటారు పిల్లలు. ఫొటో మంచిదే, పేరు తెలుసుకోవడానికి చాలా పనికొస్తుంది. 2002లో మొదలైన ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పక్షుల లెక్కలు పెట్టవచ్చు, 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఏ ప్రాణి ఫొటో అయినా పెడితే తెలిసినవాళ్లు ఎక్కడి నుంచో పేరు చెప్తారు, మన నోటు పదిమందికి ఉపయోగపడే చోట చేరుతుంది. నేనూ పెడతాను. కానీ నా ఫోన్‌లో వేల ఫొటోలు ఉన్నాయి, వాటిలో ఏది ఎందుకు తీశానో సగానికి సగం గుర్తులేదు. పుస్తకంలో రాసినదాంట్లో గుర్తులేనిది ఒక్కటి లేదు. ఫొటో తీసేటప్పుడు చూడటం ఆగిపోతుంది, రాసేటప్పుడు మళ్లీ చూడాల్సి వస్తుంది. ముందు రాయండి, తర్వాత ఫొటో తీయండి. గూళ్ల ఫొటోల కోసం మాత్రం దగ్గరికి పోవద్దు, మనం పదేపదే వెళ్తే తల్లి గూడు వదిలేసే ప్రమాదం ఉంది, గూడు ఎక్కడుందో పిల్లులకూ కాకులకూ మనమే చూపించినవాళ్లం అవుతాం.

పోయినేడు మా భవనం వాళ్లు కానుగ కొమ్మలు కొట్టించాలని నిర్ణయించారు, తీగలకు తగులుతున్నాయని. తగులుతున్న మాట నిజమే. నేను మూడేళ్ల పుస్తకాలు పట్టుకుని మీటింగుకు వెళ్లాను. చెట్లను కొట్టొద్దు, పాపం అని అంటే ఎవరూ వినరని నాకు తెలుసు, వాదించలేదు కూడా. ఏ నెలలో ఏ కొమ్మ మీద పిట్టలు గూడు కట్టాయి, ఎప్పుడు పిల్లలు ఎగిరిపోయాయి అన్న పేజీలు చూపించి, ఇంకో తొమ్మిది వారాలు ఆగితే గూళ్లు ఖాళీ అవుతాయని చెప్పాను. తొమ్మిది అంటారేంటి, అంత కచ్చితంగా ఎలా చెప్తారు అని ఒకాయన అడిగారు. పేజీలు ఆయన చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చదివారు. చివరికి ఆరు వారాలు ఆగారు, తొమ్మిది కాదు. రెండు గూళ్ల పిల్లలు ఎగిరిపోయాయి, ఒక గూడు పోయింది. ఆ రోజు ఏం రాయాలో చాలాసేపు తోచలేదు, చివరికి తేదీ వేసి, ఏ కొమ్మ, ఎన్ని గుడ్లు, అంతే రాశాను. ఆ పెద్దాయన ఇప్పుడు అప్పుడప్పుడు మెట్ల దగ్గర ఆపి, ఈ రోజు ఏం రాశావమ్మా అని అడుగుతారు.

ఇక సంపాదకులకు ఒక విన్నపం. మీరు రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం, ఎండ ఎంత, వాన ఎంత అని ఒక చిన్న పెట్టెలో వేస్తారు. ఆ పెట్టె కింద రెండంటే రెండు పంక్తులు పాఠకులకు ఇవ్వండి. కవిత్వం వద్దు, ప్రకృతిని ప్రేమించండి అనే నినాదాలు వద్దు, తేదీ, సమయం, ఎక్కడ నుంచి, ఏం చూశారు, ఎన్ని, అంతే. బడి పిల్లలు రాస్తారు, రాత్రి డ్యూటీ చేసి ఇంటికొచ్చేవాళ్లు రాస్తారు, మంచం మీద ఉన్నవాళ్లు రాస్తారు. పత్రికలను గ్రంథాలయాలు దాచిపెడతాయి కాబట్టి నా నోటుబుక్కు ఏమైపోయినా ఆ రెండు పంక్తులు ఉంటాయి, యాభై ఏళ్ల తర్వాత ఎవరో తీసి చూసుకుంటారు. దీనికి మీకు ఖర్చయ్యేది బొటనవేలంత జాగా.

ఆ పాఠకురాలికి ఇంకొక్క మాట. కొన్నవి మంచి నోటుబుక్కులు అన్నారు, బహుశా అవి మరీ మంచివి కావడం వల్ల పాడుచేయాలనిపించడం లేదేమో. వాటిని పక్కన పెట్టి ఏదైనా చిత్తుకాగితం తీసుకోండి. రేపు పొద్దున లేవగానే కిటికీ తీసి, పదిహేను నిమిషాలు కూర్చోండి, ఫోన్ లోపలి గదిలో పెట్టండి. గోడను పైనుంచి కిందికి చూడండి. ఏమీ లేదనిపిస్తే ఏమీ లేదనే రాయండి, సమయంతో సహా. ఎల్లుండి కూడా అంతే. మీ మొదటి పది రోజుల కాగితాలు ఈ పత్రిక ద్వారా అయినా సరే నాకు చదవాలని ఉంది, నిజంగా.

మీరు ఆ పెట్టె మొదలుపెడితే వేసుకోవడానికి నా వంతు పంక్తులు ఇవి. ఈ ఉత్తరం రాస్తూ మధ్యలో లేచి చూసి రాసినవి.

బుధవారం, ఉదయం 7.10 నుంచి 7.25. మబ్బు, గాలి లేదు. కిటికీ పై మూలలో పాత మట్టి కుండల పక్కన కొత్త మట్టి పట్టీలు 3, ఇంకా తడిగా ఉన్నాయి. కట్టినది కనపడలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు